తిరుపతి నుంచి విమానంలో ఎంత దూరం, ఎంతసేపు? సరిగ్గా లెక్క వేసుకునే పద్ధతి

తిరుపతి నుంచి హైదరాబాద్‌కు విమానంలో ఎంతసేపు పడుతుందని అడిగితే ఒకరు ముప్పావు గంట అంటారు. ఇంకొకరు గంటా పది నిమిషాలు అంటారు. మూడో మనిషి ‘సగం రోజు పోతుంది’ అంటారు. ముగ్గురూ చెప్పింది నిజమే, కాకపోతే ముగ్గురూ కొలిచింది వేర్వేరు సమయాలు. ఈ తేడా తెలియకుండా టికెట్ కొనడం వల్లనే కొండ దిగేసరికి విమానం వెళ్లిపోవడం, తేదీ తప్పడం, మధ్యలో మారాల్సిన విమానం దొరక్కపోవడం జరుగుతుంటాయి. లెక్క కష్టమైనదేమీ కాదు, వరస తప్పకుండా చేస్తే చాలు.

1. మొదలుపెట్టే ముందు దగ్గర ఉంచుకోవాల్సినవి

- మ్యాప్ యాప్ ఉన్న ఫోను
- సైన్, కాస్ మీటలున్న కాలిక్యులేటర్ (చాలా ఫోన్లలో అడ్డంగా తిప్పితే వస్తుంది)
- టికెట్, లేదా కొనబోయే టికెట్ వివరాలు: బయల్దేరే ఊరు, చేరే ఊరు, తేదీ, విమానం రకం
- ఒక కాగితం. వెనక్కి లెక్కపెట్టేటప్పుడు నోటిలెక్కకన్నా కాగితమే నయం.

2. మీకు కావాల్సింది ఏ సమయం?

గాల్లో ఉండే సమయం: చక్రాలు నేల వదిలినప్పటి నుంచి మళ్లీ నేల తాకేదాకా. తిరుపతి–హైదరాబాద్ జెట్ విమానానికి ముప్పావు గంట, యాభై నిమిషాలు.

టికెట్ మీది సమయం: విమానం నిలిపిన చోటి నుంచి కదిలినప్పుడు మొదలై, చేరిన ఊళ్లో నిలిపే చోట ఆగినప్పుడు ముగుస్తుంది. రన్‌వే దాకా నడవడం, వరసలో ఆగడం అన్నీ ఇందులోనే కలిసి ఉంటాయి. టికెట్ మీద 16:30 అని ఉంటే అది విమానం ఎగిరే సమయం కాదు, కదిలే సమయం. తలుపు అంతకుముందే మూసేస్తారు.

గుమ్మం నుంచి గుమ్మానికి: ఇల్లు లేదా గది వదిలినప్పటి నుంచి చేరాల్సిన ఇంటి తలుపు తట్టేదాకా. సెలవు పెట్టాలన్నా, పెళ్లి ముహూర్తానికి అందుకోవాలన్నా పనికొచ్చేది ఇదొక్కటే.

3. ఊరు కాదు, విమానాశ్రయం చూడండి

విమానం ఊరి నడిబొడ్డు నుంచి ఎగరదు. మన విమానాశ్రయం రేణిగుంటలో, తిరుపతి రైల్వేస్టేషన్‌కు సుమారు 15 కి.మీ. దూరంలో ఉంది. హైదరాబాద్‌ది శంషాబాద్‌లో, బెంగళూరుది దేవనహళ్లి దగ్గర. కాబట్టి మ్యాప్‌లో ఊరి పేరు కొడితే వచ్చే చుక్కను వదిలేసి విమానాశ్రయం మీద వేలు నొక్కి ఉంచండి. దశాంశాల్లో రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం.

రెండు దశాంశాల దాకా తీసుకుంటే ఇలా ఉంటాయి:

- తిరుపతి (రేణిగుంట): 13.63, 79.54
- హైదరాబాద్ (శంషాబాద్): 17.24, 78.43
- చెన్నై (మీనంబాక్కం): 12.99, 80.17
- బెంగళూరు (దేవనహళ్లి): 13.20, 77.71
- ఢిల్లీ: 28.57, 77.10
- కువైట్: 29.23, 47.97

ఇక్కడ ఎక్కువమంది జారిపడే మెట్టు ఒకటుంది. కొన్నిచోట్ల ఈ అంకెలు డిగ్రీలు, నిమిషాల్లో ఉంటాయి. ‘13 డిగ్రీల 38 నిమిషాలు’ అని ఉంటే దాన్ని 13.38 అని రాసేస్తారు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 38ని 60తో భాగించాలి, 0.63 వస్తుంది. అంటే 13.63. ఈ ఒక్క పొరపాటుతో రేణిగుంట విమానాశ్రయం దక్షిణానికి 28 కి.మీ. జరిగిపోతుంది.

4. దేశంలోపలి దూరం: మూడు వరసల లెక్క

అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 111.2 కి.మీ. రేఖాంశంలో ఒక డిగ్రీ మాత్రం ఉత్తరానికి వెళ్లేకొద్దీ చిక్కిపోతుంది: తిరుపతి దగ్గర 108 కి.మీ., ఢిల్లీ దగ్గర 98 కి.మీ. అందుకే దాన్ని మధ్య అక్షాంశం (రెండు అక్షాంశాల సగటు) కాస్‌తో గుణించాలి.

తిరుపతి–హైదరాబాద్:

1. అక్షాంశాల తేడా 3.61. దాన్ని 111.2తో గుణిస్తే 401 కి.మీ.
2. రేఖాంశాల తేడా 1.11. మధ్య అక్షాంశం 15.4, దాని కాస్ 0.964. మూడూ గుణిస్తే (1.11 × 111.2 × 0.964) 119 కి.మీ.
3. 401 వర్గం, 119 వర్గం కూడి వర్గమూలం తీస్తే 418. దశాంశాలు ఇంకొంచెం ఎక్కువ తీసుకుంటే 419 కి.మీ. వస్తుంది.

ఇదే పద్ధతిలో రేణిగుంట నుంచి మిగతా ఊళ్లకు వచ్చే దూరాలు (విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి, తిన్నగా):

- చెన్నై: సుమారు 98 కి.మీ.
- బెంగళూరు: సుమారు 205 కి.మీ.
- విజయవాడ: సుమారు 350 కి.మీ.
- విశాఖపట్నం: సుమారు 600 కి.మీ.
- ముంబై: సుమారు 935 కి.మీ.
- ఢిల్లీ: సుమారు 1,680 కి.మీ.

చేసిన లెక్క సరిచూసుకోవాలంటే మ్యాప్ యాప్‌లోనే దూరం కొలిచే సౌకర్యం ఉంది. ఒక విమానాశ్రయం మీద వేలు నొక్కి, వచ్చిన వివరాల్లో దూరం కొలవమని ఎంచుకుని, రెండోదాని మీదికి జరిపితే చాలు. నాలుగైదు కి.మీ.లు అటూ ఇటూ ఉంటే మీ లెక్క సరే. వందల్లో తేడా వస్తే అక్షాంశం, రేఖాంశం తారుమారై ఉంటాయి.

రోడ్డు దూరాన్ని మాత్రం ఈ లెక్కలోకి రానివ్వకండి. చెన్నైకి గాల్లో 98 కి.మీ. అయితే, పుత్తూరు మీదుగా రోడ్డున వెళ్తే 130 పైనే.

5. విదేశాలకు: గోళం లెక్క

పై పద్ధతి భూమిని బల్లపరుపుగా అనుకుని చేసింది. గల్ఫ్ దాకా అది పెద్దగా తప్పదు. అమెరికా దగ్గర మాత్రం ఘోరంగా దెబ్బతింటుంది. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు ఆ పద్ధతిలో లెక్కేస్తే 17,700 కి.మీ. పైన వస్తుంది. అసలు దూరం సుమారు 14,400. రెండు ఊళ్లూ భూగోళానికి దాదాపు చెరోవైపు ఉండటంతో వాటి మధ్య అతిదగ్గరి దారి ఉత్తర ధ్రువాన్ని రాసుకుంటూ పోతుంది. కాగితం మ్యాపులో ఆ దారి కనపడనే కనపడదు.

గోళం సూత్రం ఇది:

కాస్(దూరం) = సైన్(అక్షాంశం 1) × సైన్(అక్షాంశం 2) + కాస్(అక్షాంశం 1) × కాస్(అక్షాంశం 2) × కాస్(రేఖాంశాల తేడా)

చెన్నై నుంచి కువైట్‌కు చేసి చూద్దాం. చిత్తూరు, పీలేరు, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి కదా.

1. సైన్ 12.99 = 0.2248, సైన్ 29.23 = 0.4883. గుణిస్తే 0.1098.
2. కాస్ 12.99 = 0.9744, కాస్ 29.23 = 0.8727. రేఖాంశాల తేడా 32.20, దాని కాస్ 0.8462. మూడూ గుణిస్తే 0.7195.
3. రెండూ కూడితే 0.8293. కాలిక్యులేటర్‌లో విలోమ కాస్ (cos⁻¹ మీట) నొక్కితే 33.97 డిగ్రీలు.
4. 33.97 × 111.2 = సుమారు 3,780 కి.మీ.

మూడు జాగ్రత్తలు. కాలిక్యులేటర్ రేడియన్లలో ఉంటే సమాధానం పిచ్చిపిచ్చిగా వస్తుంది. ముందు సైన్ 30 కొట్టి చూడండి, 0.5 వస్తే డిగ్రీల్లో ఉన్నట్టు. రెండోది, ఈ సూత్రాన్ని దగ్గరి ఊళ్లకు వాడకండి. తిరుపతి–చెన్నైకి కాస్ విలువ 0.99988 వస్తుంది. దాన్ని 0.9999గా కుదిస్తే 98 కి.మీ. కాస్తా 90 అయిపోతుంది. మూడోది, పశ్చిమ రేఖాంశాలకు (అమెరికా అంతా) ముందు మైనస్ గుర్తు ఉంటుంది, తేడా తీసేటప్పుడు అది కూడికగా మారుతుంది.

6. దూరాన్ని టికెట్ సమయంగా మార్చడం

‘విమానం గంటకు 830 కి.మీ. పోతుంది, 419ని భాగిస్తే అరగంట’ అనుకోవడం తప్పు. ఆ వేగం పైకెక్కి నిలకడగా పోయేటప్పటిది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు నెమ్మదిగానే పోతుంది. పైగా విమానం గీత గీసినట్టు పోదు. రన్‌వే ఏ దిక్కున ఉంటే ఆ దిక్కున లేచి, నిర్ణీత గగనమార్గాల్లో మలుపులు తిరిగి, దిగే వరసలో తన వంతుకు ఆగుతుంది.

పనికొచ్చే మోటు సూత్రాలు రెండు:

- జెట్ (ఎయిర్‌బస్ ఏ320 లాంటివి): కి.మీ.లను 13.3తో భాగించి, 35 నిమిషాలు కలపండి.
- ఏటీఆర్ 72 (రెక్కలకు పంకాలుండేది): కి.మీ.లను 8తో భాగించి, 25 నిమిషాలు కలపండి.

హైదరాబాద్‌కు జెట్‌లో 419 ÷ 13.3 = 32, దానికి 35 కలిపితే 67 నిమిషాలు. ఏటీఆర్‌లో 52 + 25 = 77 నిమిషాలు. వేగంలో అంత తేడా ఉన్నా మిగిలేది పది నిమిషాలే. దగ్గరి ఊళ్లకు విమానం రకం చూసి టికెట్ మార్చుకోవాల్సిన పనిలేదు. ఢిల్లీకి జెట్‌లో 126 + 35 = 161, అంటే రెండుగంటల నలభై నిమిషాలు. కువైట్‌కు చెన్నై నుంచి 284 + 35 = 319, అంటే ఐదుగంటల ఇరవై నిమిషాలు.

టికెట్ మీద మీ లెక్కకన్నా పది, ఇరవై నిమిషాలు ఎక్కువుంటే కంగారుపడకండి. రద్దీ విమానాశ్రయాలకు కంపెనీలు ఆ మేరకు ముందే కలుపుకుంటాయి. గంట తేడా ఉంటే మాత్రం మధ్యలో ఎక్కడో ఆగే విమానమేమో చూడండి.

7. వెళ్లేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ ఎందుకు?

గాలి. ముఖ్యంగా చలికాలంలో ఉత్తర భారతం, గల్ఫ్ మీదుగా ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. కువైట్ వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి. నిలకడ వేగం 840, గాలి 70 అనుకుంటే నేలమీది లెక్కలో వెళ్లే వేగం 770, వచ్చే వేగం 910. 3,780 కి.మీ.కు వెళ్లేటప్పుడు 4 గంటల 55 నిమిషాలు, వచ్చేటప్పుడు 4 గంటల 9 నిమిషాలు. నలభైఆరు నిమిషాల తేడా. తిరుపతి–హైదరాబాద్ లాంటి ఉత్తర దక్షిణ చిన్న దారుల్లో ఇది పట్టించుకోనక్కర్లేదు.

8. టైమ్ జోన్, అర్ధరాత్రి తేదీ

టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి స్థానిక సమయమే. కువైట్, ఖతార్, సౌదీ మనకన్నా రెండున్నర గంటలు వెనక. దుబాయ్, మస్కట్ గంటన్నర వెనక. సింగపూర్ రెండున్నర గంటలు ముందు.

ఉదాహరణకు చెన్నైలో 01:30కి కదిలి కువైట్‌లో 04:15కి దిగితే, పైపైన 2:45 గంటలు. రెండున్నర కలిపితే అసలు ప్రయాణం 5:15. తిరుగు ప్రయాణంలో కువైట్‌లో 20:30కి కదిలి చెన్నైలో మర్నాడు 03:45కి దిగితే, పైపైన 7:15. రెండున్నర తీసేస్తే 4:45. పడమరకు పోతే కలపాలి, తూర్పుకు వస్తే తీసేయాలి. అమెరికాకైతే ఇంకో మెలిక: అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. డల్లాస్ మనకన్నా చలికాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు వెనక ఉంటుంది. గల్ఫ్ దేశాల్లో ఈ మార్పు లేదు.

ఇప్పుడు అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. టికెట్ మీద ‘15వ తేదీ, 01:30’ అని ఉంటుంది. మన మాటల్లో అది 14వ తేదీ రాత్రి. అందరం ‘రాత్రి ఒంటిగంటన్నర’ అంటాం, తెల్లారకముందు ఏ రాత్రయినా మనకు నిన్నటి రాత్రే. 15వ తేదీ సాయంత్రం ఇంట్లో బయల్దేరి, చెన్నై చేరాక విమానం ముందురోజు రాత్రే వెళ్లిపోయిందని తెలుసుకుంటే ఆ టికెట్ డబ్బులు పోయినట్టే. 00:00 నుంచి 05:00 మధ్య విమానమైతే టికెట్ కాగితం మీద పెన్నుతో రాసిపెట్టుకోండి: ‘14 సాయంత్రం ఇల్లు వదలాలి’. ఇంట్లో పెద్దవాళ్లకు, తీసుకెళ్లే డ్రైవర్‌కు తేదీ చెప్పేటప్పుడు వారం పేరు కూడా చెప్పండి.

9. గుమ్మం లెక్క: చివరి నుంచి వెనక్కి

ఎప్పుడూ విమానం సమయం నుంచి వెనక్కి రండి. ముందుకు లెక్కపెడితే ప్రతి మెట్టులోనూ ఆశ కొంచెం కలుస్తుంది.

తిరుమల నుంచి హైదరాబాద్ కూకట్‌పల్లి (16:30 విమానం అనుకుంటే):

1. విమానం కదిలేది: 16:30
2. బోర్డింగ్ గేటు మూసేది: 16:05. చాలా కంపెనీలకు 25 నిమిషాల ముందు.
3. సామాను కౌంటర్ మూసేది: 15:30. దేశీయ విమానాలకు ఎక్కువగా గంట ముందు.
4. విమానాశ్రయంలో అడుగుపెట్టాల్సింది: 14:40
5. అలిపిరి నుంచి రేణిగుంటకు: 40 నిమిషాలు. అలిపిరిలో 14:00కి ఉండాలి.
6. కొండ దిగడానికి: వాహనాలు 40 నిమిషాలకన్నా ముందు దిగకూడదన్న నిబంధన ఉంది, డ్రైవర్‌ను తొందరపెట్టి లాభం లేదు. 50 నిమిషాలు వేసుకుంటే పైన 13:10.
7. గది ఖాళీ చేయడం, వాహనం దొరకడం: 30 నిమిషాలు. అంటే 12:40కే గదిలో సామాను కట్టి ఉండాలి.

అటువైపు హైదరాబాద్‌లో 17:40కి ఆగితే, దిగి బ్యాగు చేతికొచ్చేసరికి 18:10. శంషాబాద్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా కూకట్‌పల్లికి గంటా ఇరవై నిమిషాలు. ఇంటి గుమ్మం 19:30. మొత్తం ఆరుగంటల యాభై నిమిషాలు, అందులో గాల్లో ఉన్నది యాభై నిమిషాలు. సికింద్రాబాద్ వందేభారత్ స్టేషన్ నుంచి స్టేషన్‌కే ఎనిమిదిన్నర గంటలు అటూ ఇటూ తీసుకుంటుంది. అదనంగా రెండువైపులా రెండు గంటలు. మిగిలేది మూడున్నర గంటలు. ఆ గంటలకు విమానం ధర కడతారా లేదా అన్నది మీ ఇష్టం, కానీ ‘ఒక గంటలో హైదరాబాద్’ అనుకుని మాత్రం కట్టకండి.

దర్శనం రోజే విమానం పెట్టుకోవడం మీద మా మాట సూటిగా: వద్దు. మూడువందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనమైనా రద్దీ రోజున ఎన్ని గంటలవుతుందో ఎవరూ చెప్పలేరు. బయటికొచ్చాక ఫోన్లు తీసుకోవాలి, లడ్డూ కౌంటర్ ఉంటుంది. తప్పనిసరైతే స్లాట్ సమయానికి, విమానానికి మధ్య కనీసం ఎనిమిది, తొమ్మిది గంటలు ఉంచండి. సర్వదర్శనమైతే విమానం మర్నాడే. రాత్రిపూట కొన్ని గంటలు ఘాట్ రోడ్డు మూసేస్తారు, తెల్లవారుజామున విమానం ఉన్నవాళ్లు ముందురోజు రాత్రే కొండ కింద గది తీసుకోవాలి.

చిత్తూరు నుంచి చెన్నై మీదుగా కువైట్ (15వ తేదీ 01:30): విమానాశ్రయంలో మూడు గంటలకు పైగా ముందు, 14 రాత్రి 22:15కి ఉండాలి. రాణిపేట, కాంచీపురం, శ్రీపెరుంబుదూరు మీదుగా రోడ్డు సుమారు 150 కి.మీ.; శ్రీపెరుంబుదూరు దాటాక సాయంత్రం లారీలు, కంపెనీ బస్సులతో నత్తనడకే. మూడున్నర గంటలు, భోజనానికి అరగంట. 14వ తేదీ సాయంత్రం 18:15కి చిత్తూరు వదలాలి.

మదనపల్లె, పలమనేరు, కుప్పం వాళ్లు బెంగళూరు కూడా లెక్కేసి చూడండి. దేవనహళ్లి బెంగళూరుకు ఉత్తరాన ఉండటంతో కొన్ని దారుల్లో ఊళ్లోకి వెళ్లకుండానే చేరుకోవచ్చు.

10. మధ్యలో విమానం మారాలంటే

రెండు ప్రయాణాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే మొదటి విమానం ఆలస్యమైనా తర్వాతి దాంట్లో ఎక్కించే పని కంపెనీది. విడివిడిగా కొంటే ఆ నష్టం పూర్తిగా మీదే.

- ఒకే పీఎన్ఆర్, దేశీయం నుంచి దేశీయం: గంటన్నర
- ఒకే పీఎన్ఆర్, దేశీయం నుంచి విదేశీ: మూడు గంటలు
- వేర్వేరు టికెట్లు, విదేశీ ప్రయాణం: కనీసం ఐదు గంటలు

విదేశం నుంచి వస్తూ మధ్యలో మారేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: ఇండియాలో మొదట దిగిన ఊళ్లోనే సాధారణంగా సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. బ్యాగు తిన్నగా రేణిగుంటకు వచ్చేస్తుందని కూర్చోవద్దు.

11. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే దారి

కోడ్ తప్పడం. తిరుపతి కోడ్ టీఐఆర్. తిరుచిరాపల్లి టీఆర్‌జడ్, తిరువనంతపురం టీఆర్‌వీ. మూడూ ‘తిరు’తోనే మొదలవుతాయి, బుకింగ్ యాప్‌లో పక్కపక్కనే వస్తాయి. డబ్బు కట్టేముందు మూడు అక్షరాలూ ఒక్కొక్కటిగా చదవండి.

మైళ్ల గందరగోళం. విమానాల లెక్కల్లో నాటికల్ మైలు అంటే 1.852 కి.మీ., మామూలు మైలు 1.609 కి.మీ. హైదరాబాద్ దూరం 419 కి.మీ. అన్నా, 260 మైళ్లన్నా, 226 నాటికల్ మైళ్లన్నా ఒకటే.

దగ్గరి ఊరికి చుట్టు విమానం. తిరుపతి నుంచి చెన్నైకో, బెంగళూరుకో వేరే ఊరి మీదుగా టికెట్ చూపిస్తే కొనకండి. రోడ్డునే ముందు చేరతారు.

సరిచూడకుండా పాత టైమింగ్ నమ్మడం. విమాన వేళలు మార్చి చివర, అక్టోబరు చివర సీజన్‌తోపాటు మారతాయి. పోయినసారి ఎక్కిన విమానం ఈసారి అదే వేళకు ఉంటుందని లేదు.

12. ముందురోజు చూసుకోవాల్సిన జాబితా

- టికెట్ మీద విమానాశ్రయం కోడ్, టెర్మినల్ నంబరు
- అర్ధరాత్రి విమానమైతే ఇల్లు వదిలే తేదీ, వారం
- వెబ్ చెక్-ఇన్ పూర్తయిందా
- విమానం వేళ మారినట్టు మెసేజ్ ఏమైనా వచ్చిందా
- టికెట్ మీది పేరు, ఆధార్ లేదా పాస్‌పోర్ట్ మీది పేరు ఒకటేనా
- ఘాట్ రోడ్డు మూసే వేళలు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి లాంటి రోజులైతే అదనంగా గంటన్నర
- డ్రైవర్‌కు చెప్పింది విమానం సమయమా, బయల్దేరే సమయమా? ‘నాలుగున్నర’ అని మాత్రమే చెబితే ఆయన నాలుగుకు వస్తాడు. ‘పన్నెండు నలభైకి గది దగ్గర ఉండాలి’ అని చెప్పండి.